వినగడప రైతులకు కొన్ని తిక్క సలహాలు

బోరుకు మీటరు పెట్టమని మీరే అడగండి. 2004 మే 14న ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పడినప్పటి నుంచీ మీటరు మాటెత్తితే రైతుకు గుబులే. 2020లో ప్రభుత్వం పెడతానన్నప్పుడు రైతు సంఘాలు ఎదురుతిరిగాయి. వాళ్ల భయం అర్థమవుతుంది. అయినా అడగండి. మీటరు లేకపోతే వ్యవసాయ వాడకమంతా అంచనా లెక్కే. లైన్లలో పోయిన కరెంటు కూడా మీ పద్దులో కలిసిపోవచ్చు. బిల్లు మాత్రం ప్రభుత్వమే కట్టాలి. ఆ షరతు దగ్గర ఒక్క అడుగు కూడా వెనక్కి వేయొద్దు.

మోటారుకున్న ఆటో స్టార్టరు తీయించండి. అర్ధరాత్రి కరెంటు కోసం చేలోకి పోయి పాముకో షాకుకో బలికాకూడదని పెట్టుకున్నారు, అప్పుడది న్యాయమే. పగలే కరెంటిస్తున్న చోట దాంతో పనేముంది? కట్టలేరు వాగు పారని నెలల్లో బోర్లే దిక్కు, కాదనను. కానీ చేనుకు తడి అవసరమైనా కాకున్నా, కరెంటు రాగానే బోర్లన్నీ ఒక్కసారే లేస్తాయి; ట్రాన్స్‌ఫార్మర్లు కాలేది అప్పుడే. 5 హార్స్‌పవర్ మోటారు గంట తిరిగితే దాదాపు 4 యూనిట్లు. బొగ్గు కరెంటైతే యూనిట్‌కు సుమారు 700 గ్రాములు కాల్చాలి. అంటే గంటకు మూడు కిలోల దాకా బొగ్గు, అందులో కిలో వరకు బూడిదే. 1979 నుంచి ఇబ్రహీంపట్నంలో నడుస్తున్న నార్ల తాతారావు థర్మల్ కేంద్రం చుట్టుపక్కల వాళ్లు పీల్చేది ఆ బూడిదనే. బొగ్గు తవ్వే చోటూ మనకు దూరం కాదు. తిరువూరు దాటి ఖమ్మం జిల్లాలోకి వెళ్తే సత్తుపల్లి. అక్కడ సింగరేణి ఓపెన్‌కాస్ట్ పేలుళ్లకు ఇళ్లు బీటలు వారుతున్నాయని జనం ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అవసరం లేని తడికి వాళ్ల ఊపిరి ఖర్చు పెట్టే హక్కు మనకు లేదు.

సోలార్ పలకల కన్నా ముందు ఫ్యాన్లు మార్చండి. పాత ఫ్యాను 75 వాట్లు తాగితే, బీఎల్‌డీసీ రకం 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. ఆ తర్వాత పలకల సంగతి: పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000, రెండింటికి 60,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఎక్కువొస్తుంది కదా అని మూడు పెట్టించొద్దు. ఇంటికి రెండు చాలితే రెండే.

నాలుగైదు గొడ్లున్న ఇంట్లో పాత గోబర్ గ్యాస్ గుంత పూడ్చకండి, బాగు చేయించండి. రోజుకు 50 కిలోల పేడతో రెండు ఘనమీటర్ల గ్యాసు వస్తుంది, మిగిలిన స్లర్రీ చేనుకు మంచి ఎరువు.

కరెంటు స్కూటరుకు రాత్రి ఛార్జింగు పెట్టొద్దు. పొద్దుగూకాక సోలార్ ఉండదు, బొగ్గు వాటా పెరుగుతుంది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చినప్పుడు పెట్టండి.