పదిహేను కోట్ల చేప

హన్మకొండ నుంచి పరకాల పోయే దారిలో మా మామది చిన్న ఊరు. ఊరికో చెరువు, చెరువుకో మత్స్య సహకార సంఘం, సంఘం సభ్యులకు కొన్ని తెప్పలు. తెప్ప అంటే పెద్ద సంగతేమీ కాదు. థర్మోకోల్ దిమ్మెలను యూరియా బస్తాల్లో కుక్కి, నైలాన్ తాడుతో బిగించి కడతారు. బస్తా చిరిగితే ఇంకో బస్తా తొడుగుతారు. దాని మరమ్మతు అంతటితో సరి.

మామ కొడుకు బోస్టన్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. జులైలో ఐదుగురు ఆఫీసు దోస్తులతో గ్లాస్టర్ రేవుకు పోయి, కిరాయి పడవలో నడిసముద్రం చేరి, ట్యూనా పట్టాడు. విశాఖ జాలర్లు సూర అంటారే, ఆ జాతిలో అన్నిటికంటే పెద్దదైన బ్లూఫిన్. తాడుకు వేలాడదీసిన చేప పక్కన నిలబడి దిగిన ఫోటో వాట్సాప్‌లో వచ్చింది. మావాడికంటే చేపే పొడుగు. 'రెండు క్వింటాళ్లు' అని కింద రాశాడు.

మామ ఆగుతాడా? ఫ్లెక్సీ కొట్టించి సంఘం షెడ్డుకు కట్టించాడు.

ఊళ్లో ఒక కుర్రాడు యూట్యూబ్ వెతికి ఇంకో సంగతి బయటపెట్టాడు. 2019 జనవరిలో టోక్యోలోని టొయోసు మార్కెట్‌లో 278 కిలోల బ్లూఫిన్ 33 కోట్ల 36 లక్షల యెన్లకు పోయిందట. మన లెక్కలో 21 కోట్ల పైమాటే. కిలోకు ఏడున్నర లక్షలు వేసుకున్నా రెండు క్వింటాళ్లకు పదిహేను కోట్లు! అది కొత్త ఏడాది తొలి వేలం. పాడుకున్న సుషీ హోటళ్ల యజమానికి చేపకన్నా దానితో వచ్చే ప్రచారం ముఖ్యం. మామూలు రోజుల్లో అందులో నూరో వంతు కూడా పలకదు. ఈ మాట నేను చెప్పాను. ఎవరు వింటారు? కొర్రమీనుకు కిలో ఐదారు వందలు వస్తే పండగ చేసుకునే ఊరది.

సంఘం కూర్చుని తీర్మానం రాసింది. 'అమెరికా బిడ్డ మన చెరువుకు ఒక ఇంజను పడవ ఇప్పించవలెను.' ఆదివారం సాయంత్రం షెడ్డులోనే వీడియో కాల్ కలిపారు. అధ్యక్షుడు తెలివైనవాడు. తీర్మానం సంగతి ఎత్తకుండా, ముందు పడవ బాగోగులు అడిగాడు.

"బిడ్డా, ఇంజను పడవంటే సంభాళించుడు కష్టమా?"

మావాడికి పడవ కెప్టెన్ దారి పొడుగునా చెప్పుకున్న కష్టాలన్నీ నోటికొచ్చు. నీళ్లలో ఉండగానే పడవ అడుగుకు గుల్లలు పట్టేస్తాయట. వాటిని గీకి, మళ్లీ పట్టకుండా రాగి కలిసిన రంగు వేయాలి. ఉప్పునీళ్లలో రెండు రకాల లోహాలుంటే బ్యాటరీలోలాగా కరెంటు పుట్టి ఒకటి తినుకుపోతుంది. పడవను తోసే కంచు ఫ్యాను బదులు తినుకుపోవాలని దాని పక్కనే జింకు దిమ్మెలు బిగిస్తారు. అవి అరిగినప్పుడల్లా కొత్తవి వేయాలి. చలికాలం వస్తే ఇంజను గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి పగలగొడతాయి. అందుకని నీళ్లు తోడేసి, గడ్డకట్టని మందు పోసి, పడవను ఒడ్డెక్కించి ప్లాస్టిక్ చుట్టి పెడతారు. రేవు కిరాయి వేరే, బీమా వేరే, డీజిల్ వేరే. విశాఖ హార్బర్‌లో కొన్నాళ్లు పనిచేసొచ్చిన ముసలాయన తల ఊపాడు. "ఆడ గూడ అంతే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాక వేట బందు వెడ్తరు గదా, ఆ రెండు నెలలు పడవలకు రంగులు, మరమ్మతులే. వేటకు వోకున్నా ఖర్చు ఆగదు."

కార్యదర్శి అన్నీ నోటుబుక్కులో ఎక్కించుకుంటున్నాడు. అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు.

"సరే గని, చేప ఎంతకు వోయింది బిడ్డా?"

"నాకు తెల్వదు పెద్దనాయినా. చేప కెప్టెన్‌ది."

షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. వాడే విడమరిచి చెప్పాడు. సరదాకు పోయి ట్యూనా పట్టినవాడు దాన్ని అమ్మకూడదని అక్కడి చట్టం. అమ్ముకునే పర్మిట్ పడవకుంటుంది. 73 అంగుళాలకు తగ్గని బ్లూఫిన్ పడితే అది పడవదేనని కిరాయి పడవలవాళ్లు చాలామంది ముందే షరతు పెడతారు.

"అంటే నువ్వు కూలికి వోయినవా?"

"లేదు, మేమే ఇచ్చినం. ఆరుగురం కలిసి రెండు వేల డాలర్లు."

కార్యదర్శి నోటుబుక్కులోనే గుణించాడు. లక్షా డెబ్బై వేలు.

"మరి గాలం ఎవరు గుంజిన్రు?"

"మేమే, వంతులేసుకుని రెండు గంటలు. చేతులు బొబ్బలెక్కినయి."

"ఆఖరికి నీకేమొచ్చింది కొడుకా?" ఈసారి అడిగింది మామ.

"ఫోటో బాపూ."

తీర్మానం కాగితం అధ్యక్షుడి జేబు దాటి బయటికి రాలేదు. మామ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదని అత్త చెప్పింది. తెల్లారేసరికి అధ్యక్షుడు వాకిట్లో ఉన్నాడు. ఓదార్చడానికి వచ్చాడనుకున్నాం.

"తమ్మీ, మీ పిలగాడు దసరాకొస్తే దోస్తులను గూడ తోల్కరమ్మను. ఒక పూట తెప్పెక్కిస్తం, వల మేమే ఇస్తం. మనిషికి ఐదు వేలు. పడ్డ చేపలు సంఘానియి. ఫోటో మేం తీసిస్తం."

మామకు తల కొట్టేసినట్టయింది. కొడుకు వద్దంటే ఆ మాటే వీళ్ల మొహాన చెప్పొచ్చని అప్పుడే ఫోన్ చేశాడు.

నలుగురికి కలిపి ఇరవై వేలు అడ్వాన్సు నిన్న సంఘం ఖాతాలో జమయింది.