గ్యారంటీ నోటితో, సంతకం మీతో

తెలుగు రాష్ట్రాల్లో ఎందరు డాక్టర్లున్నారో తెలుసుకోవాలంటే మెడికల్ కౌన్సిల్‌ను అడగక్కర్లేదు. ఏదో ఒక కార్ల కన్సల్టెన్సీకి వెళ్లి లెక్కపెట్టుకుంటే చాలు. అక్కడ ఎండలో నిలబెట్టిన ప్రతి బండీ డాక్టరు గారిదే, అందులోనూ లేడీ డాక్టరు గారిది. ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి, అంతే తిరిగింది. మీటరు 42 వేలు దాటలేదు. క్లచ్ పెడల్ రబ్బరు మాత్రం అరిగి ఇనుము కనిపిస్తుంటుంది. ఆవిడ కాలు కాస్త బరువు కాబోలు.

"సింగిల్ ఓనర్ సార్. షోరూమ్ ట్రాక్. చిన్న గీత కూడా లేదు. ఇంజిన్‌కి గ్యారంటీ నాది."

"ఆ ముక్క రాసిస్తారా?"

"నా మాట కంటే కాగితం ఎక్కువా సార్?"

ఎక్కువేనని ఆయనకు మనకంటే బాగా తెలుసు. డబ్బు చేతిలో పడగానే డెలివరీ నోటు తీస్తాడు. బండిని నేనే చూసుకున్నాను, నడిపి చూసుకున్నాను, ఉన్నది ఉన్నట్టు తీసుకున్నాను, ఇక ఏ రిపేరుకూ కన్సల్టెన్సీకి సంబంధం లేదు, ఇప్పట్నుంచి చలాన్లూ కేసులూ యాక్సిడెంట్లూ అన్నీ నావే అని మీ చేత సంతకం పెట్టిస్తాడు. తేదీ పక్కన టైము కూడా వేయిస్తాడు, నిమిషాలతో సహా. పొగడ్తలన్నీ నోటితో, తప్పుకోవడాలన్నీ కాగితం మీద. సెకండ్ హ్యాండ్ వ్యాపారంలో పెట్టుబడి కంటే విలువైన కిటుకు ఇదే.

కొన్నాళ్లకు బండి హైవే మీద హీటెక్కి ఆగిపోతుంది. షెడ్డులో మెకానిక్ బానెట్ ఎత్తి "హెడ్ గ్యాస్కెట్ పోయింది" అని, కాసేపు ఆగి, "ఎవరిచ్చారు సార్ మీకీ బండి?" అని అడుగుతాడు. కార్పెట్ ఎత్తితే కింద ఎండిన బురద. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ నీట మునిగినప్పుడు ఇళ్లతో పాటు వాకిట్లో ఉన్న కార్లూ మునిగాయి. అలా మునిగి, బీమా కంపెనీ ఇక పనికిరాదని తేల్చిన బండి ఎక్కడైనా వేలంలో తుక్కు రేటుకు పోవడం మామూలే. ఆ తుక్కు ఆరి, పాలిష్ పట్టించుకుని, సెంటు కొట్టించుకుని ఇంకో జిల్లాలో డాక్టరు గారి కారుగా పునర్జన్మ ఎత్తకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు. సీటు బెల్టును చివరంటా లాగి చూస్తే చాలాసార్లు బురద చార దొరుకుతుంది. కానీ మనం టైరును కాలితో తన్ని, డోరు రెండుసార్లు వేసి తీసి, సీటు కవర్లు ఫ్రీగా ఇమ్మని గంటసేపు బేరమాడి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికొచ్చే రకం.

ఫోను చేస్తే ఆయన గొంతులో ఆప్యాయత ఏమీ తగ్గదు. "మేం మధ్యలో వాళ్లం సార్. ఓనరు దగ్గర్నుంచి మీకు ఇప్పించాం, అంతే."

అసలు విద్య ఇక్కడుంది. పాత ఓనరు చేత ఫారం 29, 30 మీద ఖాళీగా సంతకాలు తీసుకుని డ్రాయరులో పెట్టుకుంటాడు. కొనేవాడు దొరికాక పేరు నింపుతాడు. ఆర్సీ పాత ఓనరు నుంచి ఒక్క దూకున మీ పేరు మీదికొస్తుంది. నెలల తరబడి బండిని తన దగ్గర పెట్టుకుని, రేటు కట్టి, లాభం మిగుల్చుకున్న మనిషి రవాణా శాఖ రికార్డుల్లో ఎక్కడా ఉండడు. దేవుడికైనా ఏదో ఒక గుడి చిరునామా ఉంటుంది. ఈలోగా ఆ బండి ఎవరినైనా గుద్దితే? ఆర్సీలో పేరున్నవాడే ఓనరని సుప్రీంకోర్టు 2018లో తేల్చేసింది కాబట్టి, బండి ఎప్పుడో అమ్మేశాననుకుని నిశ్చింతగా నిద్రపోతున్న పాత ఓనరు నోటీసు అందుకుని లేస్తాడు.

ఈ మాయమయ్యే విద్యకు అడ్డుకట్ట వేద్దామనే కేంద్రం 2022 డిసెంబరులో మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. పాత బండ్ల డీలరు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి. బండి తన చేతికి వచ్చినట్టు పోర్టల్లో నమోదు కావాలి. అక్కడి నుంచి అమ్మేదాకా అతడినే ఓనరుగా లెక్కేస్తారు. ట్రయలుకో, రిపేరుకో, పెయింటింగుకో తప్ప బండి రోడ్డెక్కకూడదు, ఎక్కితే ఎన్ని కిలోమీటర్లో రిజిస్టరులో రాయాలి. బావమరిది పెళ్లికి రోజుకో కారులో ఊరేగే కన్సల్టెన్సీ కుర్రాళ్లకు ఇది పిడుగులాంటి వార్త అయ్యుండేది, ఎవరైనా వాళ్లకు చెప్పుంటే. "మీ ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఏదీ?" అని అడిగి చూడండి. గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం చూపిస్తారు.

ఇక బిల్లు సంగతి. "బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ పడుతుంది సార్, మీ ఇష్టం" అంటాడు. 5 లక్షల బండికి 90 వేలా అని మీ గుండె జారిపోతుంది, బిల్లు వద్దులెండి అనేస్తారు. నిజానికి ఆ పన్ను బండి మొత్తం ధర మీద కాదు, డీలరు మిగుల్చుకున్న లాభం మీద. నాలుగున్నరకు కొని అయిదుకు అమ్మితే పన్ను పడేది మధ్యలో ఉన్న 50 వేలకే. అంటే మీరు బిల్లడిగితే బయటపడేది ఆయన లాభమెంతో. అందుకే అంత శ్రద్ధగా మీ డబ్బు ఆదా చేయాలని చూస్తాడు. మనమూ తక్కువవాళ్లం కాదు. సగం క్యాష్ ఇస్తే పదివేలు తగ్గిస్తానంటే, ఆ సగానికి సాక్ష్యం లేకుండా పోతుందన్న ఆలోచనే రాదు.

చట్టం విషయంలో మాత్రం కన్సల్టెన్సీ పెద్దమనిషి లెక్క తప్పింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపమంటే వస్తువులోని పగులో విరుపో అనేసి ఊరుకోలేదు. వ్యాపారి ఏ రూపంలోనైనా సరే ఇలా ఉంటుందని చెప్పుకున్నది, అలా లేకపోయినా లోపమే అంది. అంటే వాట్సాప్‌లో పంపిన "నాన్ యాక్సిడెంట్, మీటర్ జెన్యూన్" కూడా లెక్కలోకి వస్తుంది, ఆన్‌లైన్ ప్రకటనలో రాసిందీ వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడాన్నే ఆ చట్టం అనుచిత వ్యాపారం కింద జమకట్టింది. మధ్యవర్తినంటాడా, కమీషన్ తీసుకున్నాడు కదా, అది సేవ. అలాగని తొమ్మిదేళ్ల బండికి క్లచ్ ప్లేట్లు పోతే వినియోగదారుల కమిషన్ గుమ్మం ఎక్కకండి. అది లోపం కాదు, వయసు. డెలివరీ నోటు మీద మీ సంతకం కూడా ఊరికే పోదు. కంటికి కనిపించే సొట్టల గురించి దాన్ని అడ్డం పెట్టుకోవచ్చు. వెనక్కి తిప్పిన మీటరును, దాచిపెట్టిన బురదను ఆ సంతకం కడిగేయలేదు.

ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది. కన్సల్టెన్సీ ఏ ఊళ్లో ఉన్నా మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు బండికి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసినా కొంత దారి చూపిస్తారు. కాకపోతే వేరే షెడ్డులో బండి విప్పించేముందు మెకానిక్ చేత రిపోర్టు రాయించుకోండి, ఫొటోలు తీసుకోండి. విప్పేశాక గ్యాస్కెట్ ఎప్పుడు పోయిందో బ్రహ్మ కూడా చెప్పలేడు. ఎదుటివాడికి నోటీసు అందాక 3 నెలల్లో, పరీక్షలు అవసరమైతే 5 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. తేల్చి తీరుతామని మాత్రం లేదు, ప్రయత్నిస్తామని ఉంది. ఈ ఒక్క చోట చట్టం మన కన్సల్టెన్సీ వాళ్ల భాషలోనే మాట్లాడింది.

తొలి నోటీసు "చిరునామాలో లేరు" అని తిరిగొస్తుంది. అదే స్థలం, అవే ప్లాస్టిక్ కుర్చీలు, బోర్డు మాత్రం కొత్తది. టోకెన్ అడ్వాన్సు ఫోన్‌పేలో కొట్టినప్పుడు తెర మీద వచ్చిన పేరు అప్పుడు పనికొస్తుంది. వాయిదాలు నడిచి, ఓపికున్నవాడు నెగ్గి, డబ్బు వాపసు ఇమ్మని తీర్పొస్తే ఆయన రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు వెళ్తాడు. వెళ్లాలంటే తీర్పులో చెప్పిన సొమ్ములో సగం ముందు కట్టాలి. కట్టకుండా, తీర్పునూ అమలు చేయకుండా కూర్చుంటే జైలు దాకా పోవచ్చు.

జీవితంలో ఎవరికీ రసీదు రాసివ్వని ఆ పెద్దమనిషి ఆ రోజు కౌంటరు దగ్గర డబ్బు కట్టి, కిటికీలోకి వంగి అడుగుతాడు: "మేడమ్, దీనికి స్టాంపు వేసిన రసీదు ఇస్తారు కదా?"