ఒక గాజుతొట్టి ఆత్మకథ

నేనొక గాజుతొట్టిని. నా పొడవు 2 అడుగులు, వెడల్పు 1 అడుగు, ఎత్తు 1 అడుగు. అంచుదాక నింపినచో 56 లీటర్ల నీరు పట్టును. పాత ఢిల్లీలోని ఒక అంగడివాడు అయిదు గాజుపలకలను సిలికాన్ బంకతో అతికి, ఆరబెట్టి, నన్ను లోకములోనికి దెచ్చెను. నాటినుండి మయూర్ విహారులో ఒక తెలుగువారి యింట, మూడవ అంతస్తులో, టెలివిజను ప్రక్కన నా కాపురము. వచ్చిన బంధువులెల్లరును నా యెదుట నిలిచి లోనికి జూతురే కాని నన్ను జూచినవారు లేరు.

ఇంటి అమ్మమ్మగారు మనుమరాలికి మత్స్యావతారకథ చెప్పునపుడెల్ల నేనును చెవియొగ్గి విందును. కృతమాలానదిలో తర్పణము విడుచుచున్న సత్యవ్రత మహారాజు దోసిటిలోనికి ఒక చేపపిల్ల వచ్చుటయు, పెద్దచేపల వాతబడకుండ ఆ రాజు దానిని కమండలములో నుంచుటయు, తెల్లవారునప్పటికది కమండలము పట్టనంతగా పెరుగుటయు భాగవతము చదివినవారెరిగినదే. ఆ కథ విని చేపను దలచువారు కలరు, రాజును దలచువారు కలరు. రాత్రియంతయు దానిని కడుపున దాచుకొన్న కమండలమును దలచినవారు లేరు. ఆ వంశమున బుట్టినదాననగుటచే ఈ మాట నేను చెప్పవలసివచ్చినది.

నాలోని నీరు సామాన్యమైనది కాదు. యమునకు తూర్పుగట్టున నున్న ఢిల్లీకి సోనియా విహార్, భాగీరథి శుద్ధికేంద్రములనుండి అందునది, ఎగువ గంగకాలువనుండి మురాద్‌నగర్ మీదుగా వచ్చు గంగానీరు. “మన చేపలు పుణ్యం చేసుకున్నాయి, రోజూ గంగాస్నానమే” అని అమ్మమ్మగారు మురియగా, “క్లోరిన్ కలిపిన గంగ. రాత్రంతా బక్కెట్లో నిలవ ఉంచితే గాని దీనికి పనికిరాదు” అని తాతగారు నవ్వుదురు. మనుష్యులకు మేలుచేయు ఆ క్లోరిను చేపల మొప్పలను కాల్చును. అంతియకాక, నా వడపోత స్పంజిలో నివసించుచు, చేపల విసర్జనమునుండి పుట్టు అమ్మోనియాను నైట్రైటుగను, నైట్రైటును నైట్రేటుగను మార్చు సూక్ష్మజీవులను గూడ జంపును. నాకును ప్రాణమున్నదన్నచో అది ఆ సూక్ష్మజీవుల చలవయే.

మొన్నటి జనవరిలో, వెలుపలి చలి 5 డిగ్రీలకు దిగిన ఒకానొక రాత్రి నాలోని హీటరు చెడిపోయెను. 25 డిగ్రీలుండవలసిన నీరు తెల్లవారునప్పటికి 17 డిగ్రీలాయెను. అంతకు కొలది దినములకు ముందే అంగడినుండి దెచ్చిన కొత్తచేపను సంచిలోనుండి తిన్నగా నాలో విడిచియుండిరి. ఆ కొత్తచేప తెగులును దెచ్చెను, చలి నాలోని పాతచేపయగు నల్లమోలీ బలమును హరించెను. నల్లమోలీ గులకరాళ్లకు ఒడలు రాచుకొనసాగెను. దాని నల్లని తోకమీద ఉప్పురవ్వలవంటి తెల్లని చుక్కలు లేచెను. రెక్కలు ముడుచుకొని మూలకు జేరి, మేత వేసినను కదలక, మొప్పలు మాత్రము వడివడిగా నాడించుచుండెను.

“తాతయ్యా, దీనికి అమ్మవారు పోసిందా?” అని మనుమరాలు కన్నులు పెద్దవి చేసెను.

తాతగారు అంగడికి బోయి మిథిలీన్ బ్లూ అను నీలిమందు తెచ్చి మూతతో గొలిచి పోసిరి. నీరు నీలమాయెను, నా సిలికాన్ అతుకులు నేటికిని వదలని నీలమును బట్టుకొనెను. మరునాటి యుదయమున చుక్కలు మాత్రము చెక్కుచెదరలేదు.

ఆ తెగులు గుట్టు నేనెరిగినట్లు ఎవరెరుగుదురు? 1876లో ఫ్రెంచివాడైన ఫూకే వర్ణించిన ఇక్తియోఫ్తిరియస్ అను ఏకకణజీవి దానికి మూలము. చుక్క యనునది చేప చర్మములో దాగి మేయుచున్న ఆ జీవియే. అచ్చట నున్నంతకాలము దానిని మందు అంటదు. బలిసిన పిదప అది చేపను వీడి, నా అడుగునగల గులకరాళ్లకో నా గాజునకో అంటుకొని, తనచుట్టును పొర కట్టుకొని, అందులో వందలకొలది పిల్లలుగా చీలును. ఆ పిల్లలు పొర చీల్చుకొని వెలువడి, చేపను వెదకుచు ఈదులాడు ఒకటి రెండు దినములే అవి మందునకు జిక్కు సమయము. కనబడునపుడు చావదు, చచ్చునపుడు కనబడదు. చేపను వేరొక పాత్రలోనికి మార్చినను గూళ్లు నా యడుగుననే యుండును. కావున వైద్యము చేపకుగాక నాకు జరుగవలసియుండెను.

తాతగారు ఈ సంగతిని చదివి తెలిసికొనిరి. కొత్త హీటరు తెచ్చి, నీటి వేడిమిని తొందరపడక దినమునకు కొంచెముగా హెచ్చించి 30 డిగ్రీలకు జేర్చిరి; వెచ్చదనమున ఆ జీవి గూడు వీడుట త్వరపడును. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగ కరగును గనుక గాలిపంపును రేయింబవళ్లు నడిపిరి. “రాళ్లుప్పు వేసి చూడరాదా?” అని అమ్మమ్మగారన్న మాటయు వమ్ముగాలేదు. మోలీజాతి ఉప్పు కలిసిన నీటనైనను బ్రదుకగలది. లీటరుకు 2 గ్రాముల చొప్పున, బక్కెట్టులో కరగించి, రెండు దినములలో కొలదికొలదిగా పోసిరి. దినము విడిచి దినము గొట్టముతో రాళ్లసందులలోని మడ్డిని లాగివేసి, నిలవనీటిని వెచ్చబరచి పావువంతు మార్చిరి.

చుక్కలు మాసినతోడనే మనుమరాలు చప్పట్లు చరచెను; తాతగారు మాత్రము మరి పదిదినములు వైద్యమును మానలేదు. కొత్తచేప దక్కలేదు, మోలీ దక్కెను.

ఈ యేడు దీపావళి వెళ్లగనే ఆయన హీటరును పరీక్షించిరి. మొన్న తెచ్చిన చేపజంట నింకను నాకడకు రానీయక, స్పంజి ఫిల్టరుతో వేరొక బక్కెట్టులో నుంచినారు.

“ఏవండీ, పురిటి మైలైనా పదకొండు రోజులే గదా, దీనికి మూడు వారాలా?” అని అమ్మమ్మగారు దెప్పిరి.

“పురుగు పంచాంగం చూడదే! నీళ్లు చల్లగా ఉంటే మెల్లిగా ఎదుగుతుంది, వెచ్చగా ఉంటే తొందరగా. దాని తిథివారాలన్నీ థర్మామీటరులోనే ఉన్నాయి” అని తాతగారు బక్కెట్టులోని డిగ్రీలు చదివి కాగితముపై వ్రాసికొనిరి.