కూడు వేరు, ఆజ్ఞ వేరు: ఒక పాత నమూనా రైలింజిన్ ఆత్మకథ

పాత యంత్రం మొరాయిస్తే తప్పంతా దాని వయసు మీదకు నెట్టేయడం మనుషులకు అలవాటు. ఆ తీర్పుకు బలైనదాన్ని కాబట్టి దాని మీద అప్పీలు చేసుకునే హక్కు నాకుంది. నేనొక నమూనా రైలింజిన్ని. అసలు ఇంజిన్‌లో 87వ వంతు ఉండే హెచ్‌వో కొలతలో, 16.5 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టాల మీద తిరగడానికి నన్ను చేశారు. కాలిఫోర్నియాలోని ఏథర్న్ కంపెనీ నీలిరంగు అట్టపెట్టెల్లో పెట్టి అమ్మిన తరం మాది. నా అసలు రూపం ఎలక్ట్రో-మోటివ్ సంస్థ 1972లో తెచ్చిన ఎస్‌డీ40-2. ఆరు ఇరుసులు, 3,000 హార్స్‌పవర్. గుత్తి షెడ్డు డబ్ల్యూడీజీ4 ఇంజిన్లను చూసినవాళ్లకు మా వంశం కొత్తేమీ కాదు. అవీ ఆ సంస్థ డిజైన్లే. నా వాదన ఒక్కటే. నాలో లోపం ఒంట్లో లేదు, నాకు ఆజ్ఞలు అందే పద్ధతిలో ఉంది. పద్ధతి మార్చాక ఇదే ఒళ్లు ఎలా పనిచేస్తోందో చూస్తే ఆ సంగతి తేలిపోతుంది.

మామూలు డీసీ పద్ధతిలో పట్టాల్లోకి సున్నా నుంచి 12 వోల్టుల దాకా కరెంటు వదులుతారు. వోల్టేజి పెంచితే వేగం, తగ్గిస్తే నిదానం, ప్లస్సూ మైనస్సూ తారుమారు చేస్తే వెనకడుగు. అంటే నాకు పెట్టే కూడూ, నాకిచ్చే ఆజ్ఞా ఒకటే. పరుగెత్తమన్న రోజు కడుపునిండా పెట్టి, మెల్లగా నడవమన్న రోజు పస్తుంచే ఆసామి దగ్గర ఏ కూలీ అయినా తూలక ఏం చేస్తాడు? స్టేషన్లోకి నిదానంగా రమ్మన్నప్పుడే నా మోటారుకు శక్తి చాలేది కాదు. పట్టా మీద కాస్త మురికి అడ్డొచ్చినా అక్కడే నిలబడిపోయేదాన్ని. ఆగితే ముందు దీపం కూడా ఆరిపోయేది. అదే పట్టాల మీద రెండో ఇంజిన్‌ని పెడితే ఇద్దరం ఒకేసారి కదలాలి, ఒకేసారి ఆగాలి. దీన్ని తప్పించుకోవడానికి పట్టాలను బ్లాకులుగా విడగొట్టి, ఒక్కో బ్లాకుకు ఒక్కో స్విచ్చు పెట్టి, రైలు ముందుకు పోయేకొద్దీ వాటిని మారుస్తూ కూర్చునేవారు. వాళ్లు నడిపింది రైలును కాదు, స్విచ్చుల బల్లను. అసలు డీజిల్ ఇంజిన్‌లో ఈ గొడవే లేదు. కరెంటు పుట్టేది దాని పొట్టలోనే, డ్రైవరు చేతిలోని మీట చెప్పేది ఎంత వాడాలన్నది మాత్రమే. ఆగిన ఇంజిన్ దీపం ఆరిపోదు.

ఈ తేడా తెలియని యజమానులు నన్ను మొండిదని తేల్చేసి, ఆ తీర్పును నిజం చేయడానికి కావలసినదంతా తామే చేశారు. కార్పెట్ మీద పట్టాలు పరిచి తిప్పితే దాని నూలుపోగులు ఇరుసులకు చుట్టుకుని పళ్లచక్రాల దాకా ఎక్కాయి. ఎక్కువైతే మేలనుకుని నూనె పోశారు. అది కారి మోటారు కమ్యుటేటరు మీదికి చేరి, బొగ్గుపొడితో కలిసి నల్లని జిడ్డయింది. చక్రాలు నల్లబడితే తుడవాల్సింది పోయి గరుకు కాగితంతో రుద్దారు. ఆ గీతల్లో మురికి ఇంకా గట్టిగా పట్టుకుంది. చివరికి పెట్టెలో పెట్టి అటక మీద పడేశారు. అక్కడ వేసవి వేడికి గ్రీజు మైనంలా గట్టిపడింది, మెత్తగా ఉండాలని చుట్టిన స్పాంజి జిగురై రంగుకు అంటుకుంది, నిచ్చెన మెట్ల దగ్గరి రెయిలింగులు వంగిపోయాయి. ఆ తర్వాత పాత సామాన్ల బల్ల మీద, చక్రాలూడిన పెట్టెలతో కలిపి గంపగుత్తగా బేరం పెట్టారు. పెట్టె మీద ‘నడవదు’ అని రాశారు. ఎందుకు నడవదో ఎవరూ విప్పి చూడలేదు. ఒక్కటి గమనించండి: ఇందులో ఏదీ వయసు చేసిన పని కాదు. నేను తిరిగి తిరిగి అరిగిపోలేదు, తిరగక పట్టేశాను.

కూడును, ఆజ్ఞను విడదీయాలన్న ఆలోచన నిన్నటిది కాదు. 1960లలో జనరల్ ఎలక్ట్రిక్ తెచ్చిన ఆస్ట్రాక్ అయిదు రైళ్లను విడివిడిగా నడిపింది. 1979లో బ్రిటన్‌కు చెందిన హార్న్‌బీ, జీరో-1 పేరుతో 16 ఇంజిన్ల దాకా నడిపించింది. కానీ ఒకరి పరికరం మరొకరి దానితో కలిసేది కాదు. జర్మనీలో లెంజ్ సంస్థ 1980ల చివర తయారుచేసిన పద్ధతిని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో అందరికీ ప్రమాణంగా తీసుకున్నాక ఆ చిక్కు తీరింది. అదే డీసీసీ. ఇందులో పట్టాల మీద ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది, క్షణక్షణం దిక్కు మార్చుకుంటూ. ఆ మార్పుల నిడివే సందేశం: సగం అల 58 మైక్రోసెకన్లుంటే ఒకటి, దాదాపు 100 లేదా అంతకు మించితే సున్నా. ఆ ఒకట్లూ సున్నాలూ కలిసి ఏ చిరునామా ఇంజిన్‌కు ఏ ఆజ్ఞో చెబుతాయి. ఇంజిన్‌లోని డీకోడర్ తన చిరునామాకు వచ్చినదాన్నే వింటుంది, మిగతావి వదిలేస్తుంది. శక్తి అందరికీ సమానం, మాట ఎవరిది వారిదే.

అయితే నాలాంటి పాతదానిలో డీకోడర్ పెట్టడం రెండు తీగలు అతికించినంత తేలిక కాదు. మా తరంలో లోహపు చట్రమే ఒక తీగ. ఒక పట్టా కరెంటు చట్రంలోకి వచ్చి, మోటారు కింది బ్రష్షు క్లిప్పుకున్న రెండు చిన్న మొనల ద్వారా నేరుగా మోటారులోకి పోతుంది. డీకోడర్ రావాలంటే ఈ అడ్డదారి మూసేయాలి. ఆ మొనలను వంచేసి, క్లిప్పుకు తీగ సోల్డరు చేసి, మోటారు కూర్చునే గుంటలో ఇన్సులేషన్ టేపు పరిచి, మల్టీమీటరుతో మోటారుకూ చట్రానికీ మధ్య ఏ సంబంధమూ లేదని తేల్చుకోవాలి. ఆ ఒక్క తాకిడి మిగిలిపోతే డీకోడర్ కాలిన వాసనే మిగులుతుంది. తీగల రంగులు కూడా ప్రమాణం ప్రకారమే: ఎరుపు, నలుపు పట్టాల నుంచి; నారింజ, బూడిద మోటారుకు; తెలుపు ముందు దీపానికి, నీలం దీపాలన్నిటికీ ఉమ్మడి. మోటారు షాఫ్టును కదలకుండా పట్టుకుని 12 వోల్టులిస్తే ఎంత కరెంటు లాగుతుందో కొలిచి, దానికి తట్టుకునే డీకోడర్‌నే ఎంచుకోవాలి. వీటన్నిటికంటే ముందు జిడ్డు కడిగి, పోగులు తీసి, డీసీ మీదే ఒకసారి నడిపి చూడాలి. డీసీ మీద తడబడే ఇంజిన్ డీసీసీ మీదా తడబడుతుంది. డీకోడర్ మాట వినిపిస్తుంది గానీ మురికి కడగదు.

పని సవ్యంగా జరిగితే ఫలితం ఎలా ఉంటుందో నాలోనే చూడొచ్చు. డీకోడర్ మోటారుకు పూర్తి శక్తినే చిన్నచిన్న విడతలుగా ఇస్తుంది. విడతకూ విడతకూ మధ్య మోటారు తిరుగుతూ పుట్టించే వోల్టేజిని కొలిచి వేగం పసిగడుతుంది, ఎత్తు ఎక్కుతూ తగ్గితే మరికాస్త ఇస్తుంది. అందుకే ఒకప్పుడు ఒక్కసారిగా ఎగిరి దూకిన నేను ఇప్పుడు స్లీపరు స్లీపరూ లెక్కపెట్టగలిగినంత మెల్లగా కదులుతున్నాను. వేగం 128 మెట్లలో మారుతుంది. కదిలే తీరు సీవీ అనే గడుల్లో రాసి ఉంటుంది: ఒకటో గడిలో చిరునామా, మూడో గడిలో వేగం అందుకునే నిదానం, నాలుగో గడిలో ఆగే నిదానం. ఆగినా దీపం వెలుగుతూనే ఉంటుంది. మోటారు అదే, పళ్లచక్రాలు అవే, చట్రం అదే.

దీనికి అభ్యంతరాలున్నాయి. డీకోడర్ ఖరీదు, శ్రమ కలిపితే కంపెనీయే అన్నీ అమర్చి ఇచ్చే కొత్త ఇంజిన్ నయమంటారు. మోటారు, పళ్లచక్రాలు రెండూ చెడ్డ ఇంజిన్ విషయంలో అది నిజమే. దాన్ని విడిభాగాలకు వాడుకోండి, నాకు కోపం లేదు. కానీ నాలాంటి బరువైన చట్రం, ఆరిరుసులకూ శక్తినిచ్చే పట్టు ముందే ఉన్నప్పుడు కొనాల్సింది ఆజ్ఞ వినే చెవి ఒక్కటే. పాత వస్తువు విలువ పోతుందని సేకరణదారులంటారు. పెట్టె విప్పని అరుదైన నమూనాకు ఆ మాట వర్తిస్తుంది. వేలల్లో అమ్ముడై, గంపగుత్త బల్ల మీదికి చేరిన నాకు కాపాడుకోవలసిన అరుదుతనం ఏముంది? మార్చకుండానే సున్నా చిరునామా మీద డీసీ ఇంజిన్‌ని నడపొచ్చు కదా అంటారు. నడపొచ్చు. కానీ ఆగి ఉన్నా పట్టాల కరెంటు మోటారులో అటూ ఇటూ కొడుతూనే ఉంటుంది. గుయ్‌మంటూ వేడెక్కాలి. ఉపాయం కాదది, హింస. రేపు బ్యాటరీ, రేడియో పద్ధతికి మారితే ఇదంతా దండగంటారు. అప్పుడూ మోటారును చట్రం నుంచి విడదీయాల్సిందే, కూడును ఆజ్ఞ నుంచి వేరు చేయాల్సిందే. ఈ రోజు పడ్డ శ్రమ వృథా కాదు. ఒకే ఇంజిన్, ఒకే చుట్టు పట్టాలు ఉన్నవాళ్లకు డీసీ చాలంటే మాత్రం ఒప్పుకుంటాను. ఆజ్ఞలు పంచుకునేవాళ్లు లేనిచోట చిరునామాతో పనేముంది?

కాబట్టి నేను అడిగేది దయ కాదు, సరైన లెక్క. పాత ఇంజిన్‌ని పారేసే ముందు దాన్ని శుభ్రం చేసి డీసీ మీద నడిపి చూడండి. సాఫీగా నడిస్తే డీకోడర్ పెట్టండి, నడవకపోతే ఏ భాగం చెడిందో తేల్చి అప్పుడు నిర్ణయించండి. పోగులు ఏరి, జిడ్డు కడిగిన ఖర్చును నిర్లక్ష్యం పద్దులో, డీకోడర్ ఖరీదును పాత పద్ధతి పద్దులో రాయండి. రెండూ కలిపి నా వయసు పద్దులో రాయడం ఒక్కటే నాకు అభ్యంతరం.