పాత కంప్యూటర్‌ను బాగుచేయకండి

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే డీటీపీ సెంటర్లలో పాత మిషన్లకు గండం మొదలవుతుంది. విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఏళ్లతరబడి వేసిన శుభలేఖల ఫైళ్లు అన్నీ ఒక్క డబ్బాలోనే ఉంటాయి. పొద్దున్నే అది నీలం తెర చూపించిందనుకోండి, చూడ్డానికి వచ్చిన కుర్రాడి నోట మొదటి మాట, "ఫార్మాట్ కొట్టేద్దాం సార్." కొట్టనివ్వకండి. ర్యామ్ పెంచుదామంటే వద్దనండి. అప్‌డేట్ చేద్దామంటే అసలే వద్దనండి. వినడానికి తలకిందుల సలహాలే. పాత మిషన్‌ను కొత్తదిగా మార్చాలన్న తపనే దాని ప్రాణం తీస్తోంది గనుక గట్టిగా చెబుతున్నాను. నిన్నటిదాకా ఎలా నడిచిందో అలాగే నిలబెట్టండి, చాలు.

ఆ నీలం తెర సంగతే ముందు చూద్దాం. స్టాప్ కోడ్ చివర 7బి అని ఉంటే, విండోస్‌కు తాను ఎక్కాల్సిన డిస్కు అందడం లేదని అర్థం. డిస్కు చచ్చిందని మాత్రం కాదు. బయాస్‌లోకి వెళ్లి తేదీ చూడండి. ఏ 2005 జనవరి 1 అనో కనిపిస్తే దొంగ దొరికినట్టే: మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. 3 వోల్టుల బ్యాటరీ, వాచీల కొట్లో కూడా దొరుకుతుంది. అది నీరసించాక ఒక రాత్రి ప్లగ్ తీసేస్తే చాలు, బయాస్ మీరు పెట్టినవన్నీ మరిచిపోయి ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్లిపోతుంది. కొన్ని బోర్డుల్లో ఫ్యాక్టరీవాళ్లు సాటా మోడ్‌ను ఏహెచ్‌సీఐలో పెట్టి పంపారు. 2001లో వచ్చిన ఎక్స్‌పీ సీడీలో ఆ డ్రైవర్ లేదు. ఇక్కడే అసలు నష్టం జరుగుతుంది. ఫార్మాట్ కొడదామని ఎక్స్‌పీ సీడీ పెడితే దానికీ డిస్కు కనిపించదు. "హార్డ్‌డిస్క్ పోయింది సార్" అని తేల్చేస్తారు. నిక్షేపంలాంటి డిస్కు, అందులోని ఫైళ్లతో సహా చెత్తబుట్టలోకి పోతుంది. బ్యాటరీ మార్చి, సాటా మోడ్‌ను ఐడీఈకి తిప్పి సేవ్ చేస్తే, అదే డెస్క్‌టాప్ ఏమీ ఎరగనట్టు వచ్చి నిలుస్తుంది. అందుకే మిషన్ బాగున్న రోజునే బయాస్‌లో ప్రతి పేజీనీ సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకోండి. నా దృష్టిలో ఇంతకు మించిన రిపేరు సామాను లేదు.

ర్యామ్ ఎందుకు పెంచొద్దంటున్నానో చెబుతాను. విండోస్ 98 మిషన్‌లో 512 ఎంబీ దాటించి చూడండి, మెమరీ చాలదంటూ ఆగిపోవచ్చు! దాని ఫైల్ క్యాష్ ఉన్న ర్యామ్‌ను బట్టి తన వాటా పెంచుకుంటూ పోయి, విండోస్ మిగతా పనులకు అడ్రసులు మిగల్చదు. సిస్టమ్.ఐఎన్‌ఐ ఫైలులో వీక్యాష్ కింద మ్యాక్స్‌ఫైల్‌క్యాష్‌కు ఒక హద్దు రాస్తే నడుస్తుంది. నన్నడిగితే 256 ఎంబీతో హాయిగా ఉన్నదాన్ని కదపనే వద్దు. వేగమూ అంతే. 350 మెగాహెర్ట్జ్, అంతకు మించిన ఏఎండీ కే6-2 ప్రాసెసర్ పెడితే విండోస్ 95 బూట్ అవుతూనే కూలిపోయేది. లోపల టైమ్ కొలిచే చిన్న లూప్ మరీ త్వరగా ముగిసిపోవడమే కారణం. పెద్ద డిస్కు మోజూ వద్దు. సర్వీస్ ప్యాక్ 1 కూడా లేని మొదటి ఎక్స్‌పీకి 137 జీబీ అవతల ఏముందో తెలియదు.

అసలు ఆన్ అవ్వని మిషన్‌కు ఇంకో మొండి సలహా: ఉన్న ర్యామ్ అంతా పీకేసి ఆన్ చేయండి. స్పీకర్ కలిపి ఉండి బీప్‌లు కొట్టిందంటే బోర్డూ ప్రాసెసరూ బతికే ఉన్నట్టు. ర్యామ్ లేదని అరవడానికైనా ప్రాణం ఉండాలిగా! అప్పుడు ర్యామ్ కాళ్లను మెత్తటి తెల్ల రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి రాలగొట్టి, ఒక్కొక్కటే పెట్టి చూడండి. గరుకు రబ్బరు వాడితే బంగారు పూత లేచిపోతుంది. బీప్ కూడా లేకపోతే ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్లు చూడండి. తలలు ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా లోపం అక్కడే. 2000 తర్వాతి కొన్నేళ్లలో వచ్చిన బోర్డుల్లో ఇది మామూలు జబ్బు. అంతే మైక్రోఫారడ్‌లు, అంతే వోల్టేజి లేదా కాస్త ఎక్కువ, 105 డిగ్రీలవి, తక్కువ ఈఎస్ఆర్ రకం తెచ్చి టీవీ మెకానిక్ చేత టంకం పెట్టించండి. కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మూత మాత్రం మీరు విప్పకండి. ప్లగ్ తీశాక కూడా అందులో 300 వోల్టులకు పైగా దాగి ఉండొచ్చు.

డిస్కు టక్ టక్‌మంటుంటే స్కాన్‌డిస్క్ గానీ చెక్‌డిస్క్ గానీ నడపకండి. పాత పుస్తకాలన్నీ నడపమనే చెబుతాయి. పోతున్న డిస్కుతో అంత చాకిరీ చేయిస్తే, ఇంకా చదవగలిగేది కూడా పోతుంది. వెంటనే ఆపి, దాన్ని వేరే మిషన్‌కు కలిపి, లైనక్స్‌లో డీడీరెస్క్యూతో మొత్తం డిస్కును ఇమేజ్‌గా తీయండి. అది చదవగలిగిన చోట్లు ముందు లాగేసి, మొండి సెక్టార్ల దగ్గరకు ఆఖర్న వెళుతుంది. ఏ రిపేరైనా ఆ కాపీ మీదే.

ఇక నెట్ కేబుల్ పీకేయండి. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. 2017 మేలో వన్నాక్రై లోకాన్ని కుదిపేసినప్పుడు మైక్రోసాఫ్ట్ పాత ఎక్స్‌పీకి ప్రత్యేకంగా ప్యాచ్ ఇచ్చింది. అలాంటి దయ మీద బతకక్కర్లేదు. నెట్ లేని మిషన్‌లో ఏనాటి డెఫినిషన్లతోనో ఉన్న యాంటీవైరస్ ర్యామ్ తినడానికే, దాన్నీ తీసేయండి. ఒకే పెన్‌డ్రైవ్ కేటాయించి, ప్రతిసారీ ముందు కొత్త మిషన్‌లో స్కాన్ చేశాకే పాతదానికి పెట్టండి. ఆటోరన్ ఆపేయండి.

డిస్కు ఇమేజ్‌ను వర్చువల్‌బాక్స్‌లో నడుపుకోవచ్చు కదా అంటారు. ఫైళ్లు తెరవడానికి బాగానే ఉంటుంది. అయితే 25 పిన్నుల ప్రింటర్ పోర్టుకు బిగించే హార్డ్‌వేర్ లాక్ ఉన్న సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అది చాలదు. బజార్లో దొరికే యూఎస్‌బీ కన్వర్టర్లు ప్రింటర్ వరకే పనికొస్తాయి, ఆ లాక్‌ను పలకరించలేవు. పోనీ ఫైళ్లు మాత్రమే తీసుకుపోదామంటే, ఫాంటు లేనిచోట అను ఫైలు తెరిస్తే వధూవరుల పేర్ల స్థానంలో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు గజిబిజిగా వస్తాయి. ఒక ఊరి పెళ్లిళ్ల చరిత్ర, వేసి పంచిన కరపత్రాలు, చిన్న పత్రికల పాత సంచికలు ఈ డబ్బాల్లో తప్ప ఇంకెక్కడా లేవు. తీసి పారేస్తున్నవాళ్లను చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

అందుకని ఆఖరి సలహా: చెడిపోయిన కంప్యూటర్ ఒకటి కొనండి. మీ మిషన్ మదర్‌బోర్డు మోడల్ పేరు కాగితం మీద రాసుకుని, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లినప్పుడో, మీ ఊళ్లో పాత సామాన్ల కొట్టు ముందు నుంచి వెళ్లినప్పుడో అడగండి. నడవకపోయినా సరే, తెచ్చి అటక మీద పెట్టండి. దాని ఎస్‌ఎంపీఎస్, ఫ్యాన్, ఐడీఈ కేబుల్, స్క్రూలతో సహా అన్నీ అవసరపడతాయి.