రోటర్ శుద్ధి శాస్త్రం: కాడుగోడి శాఖ

విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి: ఈ నాలుగూ చెప్పకుండా శాస్త్రం మొదలుపెట్టకూడదని పెద్దల కట్టడి. ఇక్కడ విషయం తుప్పు. ప్రయోజనం మెరుపు. ఆ రెంటికీ సంబంధం నిమ్మ ఉప్పు. అధికారి మాత్రం అరుదు: వాయిదాల మీద మూడు వందల గుర్రాల కారు కొని, దాన్ని బెంగళూరు హోప్ ఫామ్ జంక్షన్‌లో రెండో గేరు దాటించే యోగం లేని తెలుగు గృహస్థు. కాడుగోడికి ఒకప్పుడు తెలుగువాళ్లు సాయిబాబా బృందావనం కోసం వచ్చేవారు, తరువాత సాఫ్ట్‌వేర్ కోసం వచ్చారు. ఈ శాఖ రెండో తరంలో పుట్టింది. డ్రమ్ము బ్రేకులవారికి ఇందులో ప్రవేశం లేదు. వారి తుప్పు పరదాలో ఉంటుంది.

డిస్క్ బ్రేకుకు ఇంజనీరు లాంచెస్టర్ బర్మింగ్‌హామ్‌లో 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. కానీ 1953లో జాగ్వార్ సి-టైప్ డన్‌లప్ డిస్కులతో ల మాన్స్ రేసు గెలిచేదాకా లోకం చాలావరకు డ్రమ్మునే నమ్ముకుంది.

రోటరు, అంటే బ్రేకు డిస్కు, పోత ఇనుము. నూనె రాస్తే కారు ఆగదు. రంగు వేస్తే ప్యాడు దాన్ని గీకి పారేస్తుంది. ఏమీ కప్పుకోకపోవడమే దాని స్వధర్మం. పొద్దున్నే కార్లు కడిగే కుర్రాడు బకెట్టు నీళ్లు కొట్టిపోతాడు, కాసేపటికే చక్రం సందుల్లోంచి నారింజ రంగు కనిపిస్తుంది. ఇక్కడ పూర్వపక్షి లేచి, “నాలుగుసార్లు గట్టిగా బ్రేకు వేస్తే అదే పోతుంది కదా!” అంటాడు. నిజమే. ఎక్కడ వేయమంటారు?

లెక్క చూడండి. పదిహేను వందల కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే దాదాపు 580 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. లీటరున్నర పైచిలుకు నీళ్లు మరుగుతాయి. ఇరవై నుంచి ఆగితే అందులో ఇరవై ఐదో వంతు. ఒక్క టీకి కూడా చాలదు. కనుక కాడుగోడిలో తుప్పుకు కారణం వాన కాదు, ట్రాఫిక్కు. 2023 మార్చిలో పర్పుల్ లైన్ మెట్రో ఇక్కడిదాకా వచ్చాక జబ్బు ముదిరింది: యజమాని మెట్రోలో ఆఫీసుకు పోతాడు, కారు బేస్‌మెంటులో తుప్పుపడుతుంది.

చికిత్స విషయంలో మతభేదాలున్నాయి. చింతపండు మతం అత్తగార్లది. ఇత్తడి బిందెల మీద దానికున్న ప్రతిష్ఠ పోత ఇనుము మీద నిలవలేదు. వైర్ బ్రష్ మతస్థులు అంచు మీది, లోపలి గాలి సందుల్లోని తుప్పు వరకు ప్రామాణికులే. విప్పిన డిస్కును నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టేవారిది నడిమి మార్గం. తీశాక వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టకపోతే మళ్లీ తుప్పు. ఇదంతా ఒంటిముక్క డిస్కుకే. అల్యూమినియం నడుమా ఇనుప వలయమూ పిన్నులతో కలిసీ కలవకుండా ఉండే రెండు ముక్కల రోటరు విశిష్టాద్వైతి. నిమ్మ ఉప్పు తొట్టిలో ముంచితే అల్యూమినియం పాడవుతుంది.

ఆచారకాండలో రాజీ లేదు. జాకీని నమ్మి కారు కింద చెయ్యి పెట్టకూడదు, స్టాండు వేయాలి. కాలిపర్‌ను దాని గొట్టం మీద వేలాడదీయడం మహాపాతకం, తీగతో కట్టాలి. డిస్కుకు రంధ్రాలుంటే వాటిలో ఇరుక్కున్న ప్యాడు పొడిని డ్రిల్లు ముక్కతో చేత్తోనే తిప్పి తీయాలి, మూతికి మాస్కు కట్టుకోవాలి. హబ్బు ముఖం మీద తుప్పు మిగిలితే డిస్కు కొద్దిగా వంకరగా కూర్చుంటుంది, రోజులు గడిచేకొద్దీ పెడల్ కాలికింద కొట్టుకోవడం మొదలెడుతుంది. చాలామంది మెరుపు చూసుకుని ఇది మరిచిపోతారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. చివరికి బ్రేక్ క్లీనర్ చల్లాలి. డిస్కు మీద తయారీలోనే వేసిన కనీస మందం అంకె ఉంటుంది. అది దాని జాతకం. మైక్రోమీటరు అంతకంటే తక్కువ చూపిస్తే ఏ మతమూ బతికించలేదు.

శుద్ధి తరువాత ప్యాడ్లూ డిస్కూ సంధి కుదుర్చుకోవాలంటే నూరు నుంచి ఇరవైకి, పూర్తిగా ఆపకుండా, ఓ పదిసార్లు తగ్గించి చల్లారనివ్వాలని విధి. కాడుగోడిలో అది అసాధ్యం గనుక, తెల్లవారుజామున లేచి వెనకెవరూ లేని హోస్కోటె హైవేకి పోవాలని భాష్యం. అలా వెళ్లినవారు కోలారు దాకా పోయి ఇడ్లీ తిని వస్తున్నారనీ, శుద్ధి అంతా ఆ ఇడ్లీ కోసమేననీ ఇల్లాళ్ల పక్షం నుంచి ఒక ఆక్షేపణ ఉంది. దానికి ఈ శాఖవారు ఇంతవరకు ఖండన రాయలేదు.