కింద నుంచి వచ్చే చరిత్ర

చరిత్రను కళ్ళతో చూడాలన్నది మ్యూజియం వాళ్ళు పుట్టించిన మాట. రోమ్ నగరం దాటి ఆగ్నేయంగా సాగే వియా ఆప్పియా మీద మౌంటెన్ బైక్ ఎక్కినవాడికి చరిత్ర కింద నుంచి వస్తుంది. ముందు టైరుకు తెలుస్తుంది, తర్వాత సీటుకు, ఆ పైన వెన్నుపూసలకు ఒక్కొక్కదానికీ విడివిడిగా. కళ్ళ వంతు ఆఖర్న. అప్పటికి అవీ అదురుతుంటాయి గనక దారి పక్కనున్న ప్రతి సమాధీ రెండుగా కనిపిస్తుంది.

ఈ రోడ్డు పని క్రీ.పూ. 312లో మొదలైంది. వేయించినవాడు ఆప్పియస్ క్లాడియస్ అనే పెద్ద అధికారి. అదే ఏడు రోమ్‌కు మొట్టమొదటి మంచినీటి కాలువ కూడా మొదలుపెట్టాడు. రోడ్డుకూ తన పేరే, కాలువకూ తన పేరే. పదవిలో ఉండగానే పథకానికి పేరు తగిలించుకునే విద్య మనవాళ్ళే కనిపెట్టారని గర్వపడుతున్నవాళ్ళు కాస్త తగ్గాలి. ముసలితనంలో ఆయనకు చూపు పోయిందంటారు. ఆ విధంగా తన రోడ్డు మీద పోయేవాళ్ళ మొహాలు చూసే బాధ తప్పింది.

మా బావమరిదికి రోమ్‌లో ఉద్యోగం. ఆదివారం వస్తే సైకిలు తప్ప మరో దేవుడు లేడు. "బావగారూ, ఇది చూడకుండా మీరు వెళ్ళిపోతే అక్క నన్ను బతకనివ్వదు" అంటూ నాకో సైకిలు అద్దెకు తెచ్చాడు. లావుపాటి టైర్లు, ఇరవై పైచిలుకు గేర్లు, ముందు ఫోర్కుకు సస్పెన్షన్. చూడగానే ధైర్యం వచ్చింది. వెనక సస్పెన్షన్ లేదేమిటని అడిగితే, "వెనక మీరున్నారుగా" అన్నాడు.

ఊరి గోడ దాటాక కొంతదూరం మామూలు రోడ్డే. ఆ తర్వాత సమాధులు మొదలవుతాయి. నగరం లోపల శవాన్ని పాతకూడదు, కాల్చకూడదు అని రోమన్ల పాత చట్టం. దాంతో డబ్బున్నవాళ్ళంతా ఊరు దాటగానే రోడ్డు వెంబడి, నలుగురి కంట పడేలా సమాధులు కట్టుకున్నారు. అన్నిటిలో పేరుమోసింది సిసీలియా మెటెల్లాది. బురుజంత గుండ్రటి కట్టడం, దాని మీద చిన్న శాసనం. ఎవరి కూతురో చెబుతుంది, ఎవరి భార్యో చెబుతుంది. ఆవిడ ఏం చేసిందో, ఏమంటే ఇష్టపడేదో ఒక్క ముక్క లేదు. మనిషి పోయినా ఇంటిపేరు నిలవాలన్న పట్టుదల రాయిరాయికీ కనిపిస్తుంది.

పద్నాలుగో శతాబ్దం మొదట్లో కయెతాని అనే జమీందారీ కుటుంబం ఈ సమాధిని కోటగా మార్చి, దారిన పోయేవాళ్ళ దగ్గర సుంకం వసూలు చేసింది. టోల్‌గేటు దగ్గర ప్రాణం పోతోందని మనం వాపోతుంటాం. ప్రాణం పోయినవాళ్ళ దగ్గరే టోల్‌గేటు పెట్టిన ఘనత మాత్రం వాళ్ళది.

అసలు రాళ్ళు ఇక్కణ్ణుంచే. ఆల్బన్ కొండల అగ్నిపర్వతం ఎప్పుడో కక్కిన లావా గడ్డకట్టి నల్లరాయి అయింది. దాన్నే పెద్దపెద్ద పలకలుగా కొట్టి పరిచారు. ఆరో శతాబ్దపు చరిత్రకారుడు ప్రొకోపియస్ ఈ రోడ్డు చూసి, రాళ్ళు పేర్చినట్టు లేవు, కలిసే పుట్టినట్టున్నాయని మురిసిపోయాడు. ఆయన సైకిలు మీద రాలేదు. ఇప్పుడు సందుల్లో మట్టి కొట్టుకుపోయి, అంచులు అరిగి, ఒక్కో రాయి ఒక్కో ఎత్తున నిలబడింది.

దీనికీ శాస్త్రం ఉందన్నాడు మా బావమరిది. సీటు మీద కూచోకూడదు. పెడల్స్ రెండూ సమంగా పెట్టి, మోకాళ్ళు వంచి లేచి నిలబడాలి. హ్యాండిల్‌ను బిగబట్టకూడదు. టైర్లలో గాలి కాస్త తగ్గించాలి. అన్నిటికన్నా ముఖ్యం, నెమ్మదిగా పోకూడదు. నెమ్మదిగా పోతే ప్రతి రాయీ ఆపి క్షేమసమాచారాలు అడుగుతుంది, వేగంగా పోతే అన్నీ కలిసి ఒకేసారి అడుగుతాయి. అక్కడక్కడా పాతకాలపు బండిచక్రాలు తొలిచిన గాళ్ళున్నాయి. ముందుచక్రం అందులో పడిందా, మనం ఎటు పోవాలో ఎన్నడో పోయిన బండివాడు నిర్ణయిస్తాడు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవకూడదంటారు. ఇక్కడ తలకు ఏ ఢోకా లేదు, హెల్మెట్ ఉంది. పోట్లన్నీ అవతలి చివరకే.

రోడ్డు పక్కన గడ్డిలో సైకిళ్ళు తొక్కీతొక్కీ ఏర్పడ్డ సన్నటి మట్టిబాట ఉంది. రాణివంటి రోడ్డని లోకమంతా పొగిడే రోడ్డును ఆనుకుని, దాని మీద కాలు పెట్టకుండా, అనుభవజ్ఞులంతా ఆ బాట మీద హాయిగా సాగిపోతున్నారు. "అసలు మజా రాళ్ళ మీదే బావగారూ!" అని మా బావమరిది కూడా ఆ బాట మీంచే అరిచాడు.

నాకు పౌరుషం తెప్పించాలని కాబోలు, అబెబె బికిలా కథ ఎత్తుకున్నాడు. 1960 ఒలింపిక్స్ మారథాన్‌లో ఆ ఇథియోపియా వీరుడు చీకటి పడ్డాక, దివిటీల వెలుగులో, ఈ దారి మీదుగా ఉత్త కాళ్ళతో పరుగెత్తి, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో స్వర్ణం కొట్టాడు. "చెప్పులైనా లేకుండా బావగారూ!"

"ఆయన కూచోలేదుగా" అన్నాను.

ఈ రోడ్డు మీద సణుగుడు కొత్తేమీ కాదు. క్రీస్తుకు ముందే కవి హొరేస్ బ్రిండిసి దాకా ప్రయాణం చేసి, నీళ్ళు పడలేదనీ దోమలూ కప్పలూ నిద్రపోనివ్వలేదనీ కావ్యమే రాశాడు. అప్పట్లో తూర్పుదేశాలకు పోయేవాళ్ళు ఓడెక్కేది ఆ బ్రిండిసిలోనే. తూర్పు అంటే మనమూ ఉన్నాం. మసాలియా అనే తీరంలో సన్నబట్టలు విస్తారంగా నేస్తారని ఒకటో శతాబ్దపు గ్రీకు వర్తకుడి పుస్తకం పెరిప్లస్ చెబుతుంది. అది మన కృష్ణా తీరమేనంటారు చరిత్రకారులు. ఇలాంటి సరుకులు కొనీకొనీ ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియాకు తగలేస్తున్నామని రోమన్ రచయిత ప్లినీ గోలపెట్టాడు. అప్పటి రోమన్ నాణేలు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ తవ్వకాల్లో దొరికాయి. సైకిలు అద్దె యూరోల్లో కట్టాక, బాకీలో కొంత తీరిందనే నా లెక్క.

ఇంకా ముందుకు పోతే క్వింటిలియస్ సోదరుల మహల్ శిథిలాలు. ఎంత పెద్దవంటే, ఒకప్పుడు జనం వాటిని పాత రోమ్ అనేవారు. స్నానశాలలు, తోటలు, సొంత నీటి కాలువ. చక్రవర్తి కొమ్మోడస్ కన్ను దీని మీద పడింది. సుమారు క్రీ.శ. 182లో అన్నదమ్ములిద్దరి మీదా కుట్ర కేసు పెట్టి చంపించి, మహల్ తీసుకున్నాడు. గైడ్లు దీన్ని రోమన్ చరిత్ర అంటారు. హైదరాబాద్ శివార్లలో ప్లాటు కొన్నవాడెవడికైనా ఇది చరిత్రలా వినిపించదు.

అక్కణ్ణుంచి తిప్పుకుని కాలువల పార్కుకు వచ్చాం. పచ్చికలో క్లాడియస్ కాలువ కమానులు వరసగా నిలబడి ఉన్నాయి. రోడ్డు వేయించిన క్లాడియస్ కాదు, ఈయన చక్రవర్తి. చక్రవర్తి కాలిగులా క్రీ.శ. 38లో మొదలుపెడితే, తర్వాత వచ్చిన ఈ క్లాడియస్ 52లో పూర్తి చేశాడు. దాదాపు 69 కిలోమీటర్లు, చాలా భాగం భూమి లోపలే. కొండ మీద నీళ్ళు మోటారు లేకుండా, కేవలం వాలు మీద ఊళ్ళోకి వచ్చేవి. ఆ కమానుల కింద మట్టిదారి మీద సుఖంగా సైకిలు తొక్కుతుంటే నాకు అసలు సంగతి తట్టింది. వీళ్ళకు నునుపు అంటే తెలియక కాదు. నీళ్ళు కుదుపు లేకుండా రావాలని అంత దూరం అంత లెక్కగా కట్టినవాళ్ళు, మనిషి దగ్గరకు వచ్చేసరికి రాళ్ళు పరిచారు. రోడ్డు వేసింది సైన్యం తొందరగా పోవడానికి, వేసినవాడి పేరు నిలవడానికి. దాని మీద పోయేవాడి నడుం ఆ లెక్కలోకి రాలేదు.

మన ఊరి రోడ్డు ఒక్క వానకే కొట్టుకుపోతుందని కాంట్రాక్టరును తిడతాం. కానీ ఆ వాన పడేదాకా నున్నగానే ఉంటుంది, పోయాక మళ్ళీ వేస్తారన్న ఆశా ఉంటుంది. రోమన్ రోడ్డుకు ఆ ఆశ కూడా లేదు. ఏ పుణ్యాత్ముడైనా దీని మీద ఇంత తారు పోస్తాడేమోనని నేను మనసులో అనుకుంటుండగా, మా బావమరిది ఇంకో సంగతి చెప్పాడు. 2024 జులైలో యునెస్కో వారు ఈ రోడ్డును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారట. ఇక దీని మీద ఎవరూ చెయ్యి వెయ్యడానికి లేదు. ఆ సమావేశం జరిగింది మన ఢిల్లీలో. కమిటీ వారంతా మెత్తటి కుర్చీల్లో కూచునే ఆమోదించి ఉంటారు.